వంటషెడ్డులో దాచిన ముగ్గురు పిల్లలు

నాది బొంగురు గొంతు. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు మగమనిషి అనుకుని "బాబాయ్" అంటారు. హనుమాన్ జంక్షన్ వీధుల్లో ఇరవై ఏళ్లకు పైగా చేపల గంప నెత్తిన పెట్టుకుని అరిచిన గొంతు ఇది. ఇప్పుడు ఎంత మెల్లగా మాట్లాడినా గరుకుగానే వస్తుంది. చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. అందుకే నేను చెబుతుంటే మా పెద్ద మనవరాలు రాస్తోంది. పదో తరగతి చదువుతోంది. మధ్యలో ఆపి "మామ్మా, ఈ మాట ఇలా రాయరు" అంటుంది. "నేను చెప్పింది చెప్పినట్టు రాయవే" అంటే, "చదివేవాళ్లకి అర్థం కావద్దా" అని తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది. సర్దుకోనీ. సంగతి మారకపోతే చాలు.

సంగతి మా ఊరి బడిది. మా ఊరు జంక్షన్ నుంచి కొల్లేటి వైపు ఆటోలో అరగంట. చుట్టూ చేపల చెరువులే. మా ఆయన కొల్లేట్లో వల వేసేవాడు, నేను అమ్మేదాన్ని. ఆయన పోయాక కూడా కొన్నేళ్లు గంప మోశాను. మోకాళ్లు మొరాయించాక బళ్లో మధ్యాహ్నం భోజనం వండే పనికి కుదిరాను.

బడి అంటే రెండు గదులు. ఒక గదిలో ఒకటీ రెండూ తరగతులు, ఇంకో గదిలో మూడూ నాలుగూ అయిదూ. పెద్ద గది మాస్టారిది. చిన్న గది గోడకు ఆనుకుని నా వంటషెడ్డు. ఆ గోడకు పైన గాలి కోసం వదిలిన కంత ఒకటి ఉంది. అందులోంచి అవతల సుద్దముక్క విరిగినా నాకు వినపడుతుంది. పొయ్యి ముందు కూర్చుని ఆ గదిలో ఏం జరుగుతోందో చూడకుండా చెప్పగలను.

ఆ చిన్న గదికి టీచర్లు నిలిచేవారు కాదు. ఒకరు బదిలీ అయ్యారు, ఒకరు పురిటికి వెళ్లి దగ్గర ఊరికి మార్పించుకున్నారు. ఒక ఏడాదంతా ఎవరూ రాలేదు. మాస్టారే ఈ గదికీ ఆ గదికీ తిరిగేవారు. సరిగ్గా ఆ ఏడాదే మా చిన్న మనవరాలు ఒకటో తరగతిలో చేరింది. ఏడాది తిరిగేసరికి దానికి వచ్చినవి ఎగరడం, గిల్లడం, కిటికీ ఎక్కడం. అక్షరాలు అడిగితే తన పేరులో మొదటి అక్షరం ఒక్కటి చూపించేది. పెద్దదానికి ఆ వయసులో మంచి టీచరు దొరికింది కాబట్టి ఈ రోజు ఇలా రాస్తోంది. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఏ ఏడాది బళ్లో చేరారో దాన్ని బట్టి ఒకరికి చదువొచ్చింది, ఒకరికి రాలేదు. అది నాకు మనసులో ముల్లులా ఉండేది.

కిందటేడు బళ్లు తెరిచాక కొత్త టీచరమ్మ వచ్చింది. విజయవాడలో గుణదల అమ్మాయి. పాతికేళ్లు ఉంటాయేమో. పొద్దున్నే బస్సెక్కి, జంక్షన్‌లో దిగి, షేర్ ఆటో పట్టుకుని వచ్చేది. పరీక్ష రాసి గెలుచుకున్న ఉద్యోగం. మొదటి రోజు పెద్ద సంచితో దిగింది. సంచి నిండా అట్టముక్కల మీద అతికించిన రంగు బొమ్మలు. మాస్టారు అవి చూసి, "బాగున్నాయమ్మా. బీరువాలో పెట్టి తాళం వెయ్యి, చింపేస్తారు" అన్నారు. ఆమె పెట్టేసింది.

మొదటి వారం కంతలోంచి పాటలు వినపడ్డాయి. రెండో వారం పాటల మధ్య "కూర్చోండి, కూర్చోండి" అని వినపడింది. నెల తిరిగేసరికి పాటలు పోయి ఆ మాట ఒక్కటే మిగిలింది. బల్ల మీద డస్టర్ బాదే చప్పుడు, ఎవరో ఏడవడం, ఇంకెవరో నవ్వడం. ఆ పిల్ల గొంతు పొద్దున పదింటికి సన్నగా ఉండేది, పన్నెండింటికి పగిలేది, మూడింటికి గాలి ఒక్కటే వచ్చేది. నాకు ఆ వరస తెలుసు. నా గొంతు కూడా అలాగే పోయింది.

ఒకరోజు మిరియాలు దంచి మరిగించిన నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చాను. షెడ్డు గడప మీద కూర్చుని తాగింది.

"టీచరమ్మా, మీకు ట్రైనింగు ఇచ్చారన్నారుగా. ఏం చెప్పారు అందులో?"

"చాలా చెప్పారు మామ్మగారూ. పెద్ద హాలు, ఏసీ. తెర మీద వీడియోలు చూపించారు. ఆ వీడియోల్లో పిల్లలందరూ కూర్చునే ఉన్నారు."

"లేస్తే ఏం చెయ్యాలో?"

"వాళ్లు లేవలేదు మామ్మగారూ."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతుంటే ఆమెకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక గ్లాసు కింద పెట్టి, "దసరా సెలవుల దాకా చూస్తాను. ఆ తర్వాత మానేస్తాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మా బాబాయి వాళ్ల బట్టల షాపులో కూర్చుంటాను. బట్టలు లేచి పరిగెత్తవు కదా" అంది.

నేను ఆ మాటకు నవ్వలేదు. ఆమె పోతే ఆ గది మళ్లీ ఖాళీ. మా చిన్నది రెండో తరగతి కూడా కిటికీ మీదే పూర్తి చేస్తుంది.

ఆగస్టులో మాస్టారికి ఫోనొచ్చింది. కొత్తగా చేరిన టీచర్లకు సాయంగా ఒక మేడం పదిహేను రోజులకోసారి వచ్చి తరగతిలో కూర్చుంటారని. మాస్టారు ఫోను పెట్టేసి మాకు చెప్పింది మాత్రం ఒకటే మాట: "విజిట్ ఉంది." మా ఊళ్లో బడికి బయటి మనిషి వస్తే అది తనిఖీయే. రిజిస్టర్లు చూడ్డానికో, గుడ్లు లెక్కపెట్టడానికో తప్ప ఎవరూ వచ్చి ఎరగం. ఇంక మొదలైంది. బావి గట్టు కడిగించారు, గుమ్మానికి ముగ్గు వేయించారు. నన్ను పిలిచి ఆ రోజు పప్పులో టమాటాలు ఎక్కువ వెయ్యమన్నారు. టీచరమ్మ చేత ఒకే పాఠం నాలుగు రోజులు చెప్పించారు. పిల్లలు నిద్రలో లేపినా ఆ పాఠం చెప్పేలా తయారయ్యారు.

"అంతా బానే ఉంది గానీ ఆ ముగ్గురితోనే గొడవ," అన్నారు మాస్టారు. ఆ ముగ్గురిలో మొదటిది మా చిన్నదే. రెండోది దాని జతగత్తె. మూడోవాడు చెరువు కాపలావాళ్ల పిల్లాడు, ఎవరు ఏం చెప్పినా బల్ల కింద దూరేవాడు.

అప్పుడు నేను అన్న మాట చెప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది. చేపలు అమ్మినవాళ్లం మేం. గంపలో మొప్పలు ఎర్రగా ఉన్న నాలుగు చేపలు పైన పరుస్తాం. పొట్ట మెత్తబడినవి అడుక్కి తోస్తాం. ఇరవై ఏళ్లు అదే చేసిన చెయ్యి. "ఆ ముగ్గుర్నీ నా షెడ్డులో కూర్చోబెట్టుకుంటాను లెండి మాస్టారూ, కరివేపాకు దూయిస్తాను" అన్నాను.

మాస్టారు "అమ్మయ్య" అన్నారు. టీచరమ్మ ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి ఊరుకుంది.

మేడం వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. చిన్న అంచు మంగళగిరి చీర, భుజానికి గుడ్డ సంచి. మాస్టారు కుర్చీ తుడిచి వేశారు. కొబ్బరిబొండాం కొట్టించి చేతిలో పెట్టారు. ఆవిడ వద్దంటున్నా పెట్టారు. షెడ్డులో ఆ ముగ్గురూ కరివేపాకు దూస్తున్నారు. కంతలోంచి పాఠం వినపడుతోంది. ఒక్కరు లేవలేదు, ఒక్కరు అరవలేదు. టీచరమ్మ అడగడం, పిల్లలు గంట కొట్టినట్టు జవాబు చెప్పడం.

మా చిన్నది ఆకు దూస్తూ, "మామ్మా, మమ్మల్ని ఎందుకు ఇక్కడ పెట్టావు?" అంది.

"పని ఉంది కదే."

"అబద్ధం. మేం చెడ్డవాళ్లమని."

నేను పొయ్యిలోకి ఇంకో పుల్ల తోశాను.

పప్పన్నం తిని, మేడం వెళ్తూ వెళ్తూ టీచరమ్మ భుజం తట్టి, "చాలా బాగుందమ్మా. నేను వచ్చి కూర్చోవాల్సిన అవసరం ఇక్కడ లేదు. ఇక్కడికి రావాల్సిన రోజులు ఇంకో బడికి ఇస్తాను, అక్కడ ఒకమ్మాయి బాగా ఇబ్బంది పడుతోంది" అన్నారు. మాస్టారు చేతులు జోడించి ఆటో దాకా సాగనంపారు. వెనక్కి వస్తూ నాకు చెయ్యెత్తి చూపించారు, గెలిచినట్టు.

గిన్నెలు కడగడానికి కొళాయి దగ్గరికి వెళ్తే టీచరమ్మ గోడవారన కూర్చుని ఉంది. ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అదేంటి టీచరమ్మా, ఆవిడ మెచ్చుకుంది కదా."

"ఆవిడ నన్ను మెచ్చుకోడానికి రాలేదు మామ్మగారూ. నాకు నేర్పడానికి వచ్చింది. రాగానే చెప్పింది, 'నేను మీ పై అధికారిని కాను, నేనూ టీచర్నే' అని. నాకు నోరు రాలేదు. మాస్టారు పక్కనే ఉన్నారు. ఇంక ఆవిడ రాదు. ఇబ్బంది పడే అమ్మాయి దగ్గరికి పోతుందంట. ఆ అమ్మాయిని నేనే కదా."

గిన్నె చేతిలో అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆకలితో ఉన్న మనిషి ముందుకొచ్చిన కంచాన్ని నేను పక్కకు లాగేసినట్టు అనిపించింది. ఆ ఆలోచన ఇచ్చింది నేను. గంపలో చేప మెత్తబడితే కొనేవాడికి నష్టం. ఇక్కడ నష్టం ఎవరికి? నా మనవరాలికే.

మూడో రోజు, మేడం సాయంత్రం జంక్షన్‌లోనే విజయవాడ బస్సు ఎక్కుతుందని ఆటో అబ్బాయి చెప్పాడు. వంట గిన్నెలు బోర్లించి బయలుదేరాను.

హనుమాన్ జంక్షన్‌లో బస్సులు ఆగే చోటే ఒకప్పుడు నా గంప దిగేది. అక్కడే మా అత్త నాకు అమ్మకం నేర్పింది. పెళ్లయి వచ్చిన కొత్తలో గంప నా నెత్తిన పెట్టి తను వట్టి చేతులతో నా వెనక నడిచేది. మూడు నెలలు నడిచింది. నేను తప్పు తూకం వేస్తే అక్కడ ఏమీ అనేది కాదు. మలుపు తిరిగాక చెప్పేది. నాకు గంప ఇచ్చి ఒక్కదాన్ని వీధిలోకి తోలలేదు. చేపలమ్మే పిల్లకే మూడు నెలలు వెనక ఒక మనిషి నడిస్తే, ముప్పై మంది పసిపిల్లల్ని చేతిలో పెట్టిన పిల్ల వెనక ఎవరూ నడవకపోతే ఎలా? నిలబడి ఇదే అనుకున్నాను. నడవడానికి వచ్చిన ఆ ఒక్క మనిషిని నేను దారిలోంచి తిప్పి పంపేశాను.

మేడం ఆటో దిగగానే ఎదురెళ్లాను.

"మేడంగారూ, నేను ఆ బళ్లో వంట చేస్తానండి."

"గుర్తున్నారమ్మా. ఆ రోజు పప్పు చాలా బాగుంది."

"ఆ రోజు నిజమైంది పప్పు ఒక్కటేనండి."

ఆవిడ సంచి భుజం మార్చుకుని, "మరి మిగతాది?" అన్నారు.

చెప్పేశాను. నాలుగు రోజులు ఒకే పాఠం అన్నదీ, ముగ్గురు పిల్లలదీ, కరివేపాకుదీ. అందులో ఒకతె నా మనవరాలే అనీ చెప్పాను. విజయవాడ బస్సు వచ్చి ఆగింది. ఆవిడ ఎక్కలేదు.

"మాస్టార్ని ఏమీ అనకండి. ఆ ఆలోచన నాది. టీచరమ్మకు నేను వచ్చినట్టు కూడా తెలియదు. నన్ను పనిలోంచి తీయిస్తే తీయించండి గానీ ఆ పిల్లను వదిలేయకండి. దసరాకి మానేస్తానంటోంది."

"మిమ్మల్ని తీయించడానికి నేనెవర్నమ్మా," అన్నారావిడ. "ఎంతమందిని దాచారు, ముగ్గుర్నేనా? ఇంకో ఊళ్లో నేను వెళ్లిన రోజు తొమ్మిదిమందికి ఒకేసారి జ్వరం వచ్చింది."

"తొమ్మిదిమందికా?" అన్నాను.

"ఎక్కడికెళ్లినా కుర్చీ తుడుస్తారు, బొండాం కొడతారు, పిల్లల్ని దాచేస్తారు. నేను నేర్పడానికి వచ్చానంటే ఎవరూ నమ్మరు. ఇలాగైతే నేను బొండాలు తాగి ఇంటికి పోవడమే." ఆగి, "నిజం చెప్పడానికి ఇంత దూరం వచ్చింది మీరొక్కరేనమ్మా" అన్నారు.

నేను పక్కన బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆవిడ నా పక్కన కూర్చుని టీ చెప్పించారు. తర్వాతి బస్సు కూడా వెళ్లిపోయింది.

ఆ వారంలోనే మేడం వచ్చారు. వచ్చే ముందు మాస్టారికి ఫోన్ చేసి, "బొండాం వద్దు, కుర్చీ వద్దు, పిల్లలు అందరూ ఉండాలి" అని చెప్పారట. మాస్టారు నా వైపు చూసిన చూపుకు నేను ఎసట్లో బియ్యం పోస్తున్నట్టు తల వంచుకున్నాను.

మేడం వెళ్లి వెనకాల నేల మీద, ఆ ముగ్గురి పక్కన చతికిలబడ్డారు. మా చిన్నది ఆవిణ్ణి పైనుంచి కిందకి చూసి, "మీరే తరగతి?" అంది.

"రెండు."

"పుస్తకం ఏది?"

"మర్చిపోయా."

"టీచరు తిడతది. నా పక్కకి జరుగు, చూపిస్తా."

కంతలోంచి ఇదంతా వింటున్నాను. టీచరమ్మ పాఠం మొదలుపెట్టింది, మామూలు రోజు చెప్పే పాఠం. కాసేపటికే ఎవరో లేచారు. "కూర్చోండి" వినపడింది. బల్ల కింద నుంచి నవ్వు వినపడింది. ఒకడు ఇంకొకడి పలక లాక్కున్నాడు. డస్టర్ మోగింది. మా చిన్నది కిటికీ ఎక్కినట్టుంది, చువ్వల చప్పుడైంది. గది మొత్తం గోలెత్తిపోయింది. టీచరమ్మ గొంతు పగిలింది. ఇటు పక్క గరిటె పట్టుకుని నేను ఆ గోలంతా విన్నాను. చూడాల్సిన మనిషి చూస్తోంది, ఇంక దాచేది ఏమీ లేదు అనుకున్నాను.

పిల్లలు అన్నాలు తిని ఆడుకుంటుంటే మేడం, టీచరమ్మ నా గడప దగ్గరికి వచ్చి కూర్చున్నారు. నేను లేవబోతే మేడం ఉండమన్నారు. టీచరమ్మ తల ఎత్తడం లేదు, తిట్ల కోసం చూస్తోంది.

మేడం తిట్టలేదు. "పాఠం నీ చేతిలోంచి ఎక్కడ జారింది, చెప్పు" అన్నారు.

టీచరమ్మ గది వైపు తిరిగి చూసింది. "రెండో తరగతికి బోర్డు మీద రాయడానికి తిరిగాను. అప్పుడు ఒకటో తరగతి లేచింది."

"మళ్లీ?"

"మళ్లీ తిరిగినప్పుడు."

"అంటే నీ వీపు కనపడినప్పుడల్లా."

టీచరమ్మ తలెత్తింది. తన చేతకానితనం అనుకున్నది ఒక చిన్న పనిగా కనపడింది కాబోలు.

"రేపటినుంచి రాయాల్సింది పిల్లలు రాకముందే రాసి పెట్టుకో. వీపు చూపించకు. ఈ పదిహేను రోజులు ఇదొక్కటే. ఇంకేం మార్చకు. మళ్లీ వచ్చినప్పుడు ఇంకోటి చూద్దాం" అన్నారు మేడం. తర్వాత నా వైపు తిరిగి, "మీ గొంతు ఇలా ఎందుకైందమ్మా?" అని అడిగారు.

"వీధి మొదటినుంచి చివరిదాకా అరుచుకుంటూ పోయేదాన్నండి. మా అత్త చెప్పేది, వీధి మొగలో ఒక్కసారి కేకేసి గంప దించు, వాళ్లే వస్తారు అని. ఆవిడ పోయాక ఎవరూ కొనరేమోనని భయమేసి మళ్లీ అరవడం మొదలెట్టాను. అరిచినకొద్దీ ఎవరూ పట్టించుకునేవారు కాదు. అలవాటైపోయింది వాళ్లకి."

టీచరమ్మ నన్నే చూసింది. ఆ తర్వాతి వారం ఒకరోజు ఆమె పిల్లల్ని పిలవడానికి అరవకుండా గుమ్మంలో నిలబడి రెండు చప్పట్లు కొట్టి ఊరుకుంది. మొదటి రోజు ఎవరూ రాలేదు. అలాగే నిలబడింది. మూడో రోజు మా చిన్నది వచ్చి, "టీచర్ పిలుస్తంది రండే" అని తనే అందర్నీ తోలింది. ఎంతైనా నా రక్తమే కదా.

మేడం చెప్పినట్టే వచ్చేవారు. ప్రతిసారీ ఒక్కటే. ఒకసారి బీరువాలోంచి రంగు బొమ్మలు బయటికి తీయించారు. "చిరిగితే మళ్లీ చేసుకుందాం, బీరువా చదవదు కదా" అన్నారు. ఒకసారి పిల్లల్ని తరగతిగా కాకుండా ఎవరికి ఎంత వచ్చో దాన్నిబట్టి కూర్చోబెట్టారు. రోజుకు అరగంట మా చిన్నది ఒకటో తరగతి వాళ్లతో అక్షరాలు దిద్దింది. మొదట చిన్నతనంగా ముడుచుకుంది. తర్వాత వాళ్లకు పెత్తనం చెయ్యడం మొదలుపెట్టింది.

ఇంకోసారి మేడం తనే పాఠం చెప్పి, టీచరమ్మను వెనక కూర్చోమన్నారు. ఆ రోజు పాఠం పాడైంది. బయట చేపల లారీ దిగబడితే పిల్లలంతా కిటికీకి ఎగబడ్డారు. మేడం ఎంత పిలిచినా రాలేదు. ఆవిడ చివరికి తనూ కిటికీ దగ్గరికెళ్లి లారీ చూశారు. తర్వాత గడప దగ్గర కూర్చుని, "ఇన్నేళ్లు చెప్పినా ఇంతేనమ్మా కొన్ని రోజులు" అన్నారు. టీచరమ్మ ముఖం అంత తేటగా ఉండడం నేను ఆ రోజే చూశాను. అంత పెద్దావిడకే జారింది, తనకు జారడం వింత కాదు అని కుదుటపడింది.

మాస్టారు నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ఒకరోజు పప్పు వడ్డిస్తుంటే, "నన్ను ఒక్కమాట అడిగి వెళ్లొచ్చుగా" అన్నారు.

"అడిగితే మీరు వద్దనేవారు మాస్టారూ."

"అనేవాణ్ణే," అని అన్నం కలుపుకున్నారు. తర్వాత, "నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి నా తరగతిలో వెనక కూర్చుని పాఠం విన్నవాళ్లు ఒక్కళ్లు లేరు. వచ్చినవాళ్లంతా రిజిస్టరే చూశారు" అన్నారు. మెచ్చుకోమని కాదు, ఏదో పాత నొప్పి చెప్పుకున్నట్టు అన్నారు. తర్వాతిసారి మేడం వచ్చినప్పుడు, వీలుంటే తన అయిదో తరగతి భిన్నాల పాఠం కూడా ఒకసారి వినమని ఆయనే అడిగారు. అడిగేటప్పుడు చొక్కా గుండీ సర్దుకున్నారు, కొత్త పిల్లాడిలా.

దసరా సెలవులు వచ్చాయి. టీచరమ్మ మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు, మానను అని కూడా అనలేదు. నాకు అడగడానికి భయం. చివరి రోజు సంచి సర్దుకుంటుంటే, "మీ బాబాయి షాపు ఎలా ఉందండి?" అన్నాను.

"పండక్కి బాగా రద్దీగా ఉంటుంది మామ్మగారూ. సెలవుల్లో వచ్చి సాయం చెయ్యమన్నాడు" అని ఆటో ఎక్కేసింది.

ఆ మాటను ఎటైనా అనుకోవచ్చు. సెలవులన్నాళ్లూ నేను రెండు రకాలుగానూ అనుకున్నాను. ఒకరోజు చిన్నది అడిగింది, "టీచర్ మళ్లీ వస్తదా మామ్మా?" అని. "ఎందుకే నీకు?" అంటే, "నాకింకా ఒత్తులు రాలేదు" అంది. పండగ పిండివంటలకంటే దానికి ఒత్తులు గుర్తున్నాయని పొంగిపోవాలో, ఏడవాలో తెలియలేదు.

బడి తెరిచిన రోజు నేను మామూలుకంటే ముందే వెళ్లాను. పిల్లలు ఇంకా రాలేదు. మాస్టారి బండి కూడా రాలేదు. పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను. మొదటి ఆటో ఆగిన చప్పుడు వినపడలేదు, పొయ్యి రొదలో పోయిందో, అసలు రాలేదో. గది గుమ్మం తెరుచుకుని ఉందో లేదో వెళ్లి చూడాలంటే భయమేసింది. లేకపోతే ఏం చెయ్యాలి?

బియ్యం కడుగుతూ చెయ్యి ఆపి విన్నాను. కంతలోంచి చప్పుడొస్తోంది. బోర్డు మీద సుద్దముక్క గీసుకుంటూ పోతోంది, తొందర లేకుండా, ఒక వరస అయ్యాక ఇంకో వరస. పిల్లలు రాకముందే రాసి పెట్టుకుంటోంది, తర్వాత వీపు చూపించకుండా.

నేను పిలవలేదు. బియ్యం ఎసట్లో పోసి, టీచరమ్మ గొంతుకని మిరియాలు దంచుదామని రోలు దగ్గరికి లాక్కుని, మళ్లీ పక్కన పెట్టేశాను. ఇంక అక్కర్లేదనిపించింది.